తాత కాళ్ళ మచ్చలు

టాస్మేనియాలో, హువాన్ నది ఒడ్డున ఆపిల్ తోటల మధ్య బడి. ఆగ్నెస్ గోరింజ్ అక్కడ ఒక్కతే టీచరు. 1896 మార్చిలో ఒక రైతు, పొలం దున్నుతుంటే దొరికిందంటూ తుప్పుపట్టిన కాలి సంకెల తెచ్చిచ్చాడు. పాఠ్యపుస్తకంలో ఖైదీల ఊసే లేదు. ఆగ్నెస్ దాన్ని పిల్లల చేతుల్లో పెట్టి, ఒకప్పుడు ఇంగ్లండులో శిక్షపడి, ఓడల్లో బంధించి ఇక్కడికి తెచ్చిన ఖైదీలే ఈ రోడ్లన్నీ వేశారని చెప్పింది.

"అందుకేనా మిస్, మా తాతకి చీలమండల చుట్టూ నల్లగా ఉంటుంది?" అంది తొమ్మిదేళ్ళ మేబెల్. "వీపంతా చారలే. గుర్రం ఈడ్చుకెళ్ళిందంటాడు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆగ్నెస్ అక్కడితో మాట మార్చాల్సింది. మార్చలేదు. "తాత ఏ ఓడలో వచ్చాడో అడిగి రా," అంది ఉత్సాహంగా.

సాయంత్రానికే మేబెల్‌కి 'గొలుసు పిల్ల' అని పేరు పడిపోయింది. సోమవారం వాళ్ళమ్మ హానా బడికొచ్చింది.

"ఇరవై ఏళ్ళుగా చర్చిలో చందా పళ్ళెం పట్టేది మా నాన్న. నిన్న ఆయన చెయ్యి చాస్తే, పక్కకి తప్పించి ఇంకొకడికిచ్చారు."

"ఇందులో సిగ్గుపడాల్సింది మీరు కాదండీ."

"మీకేం టీచరమ్మా, రెండేళ్ళుండి పోతారు. మేం ఇక్కడే చావాలి."

ఆగ్నెస్ ఆ సాయంత్రమే వాళ్ళింటికెళ్ళింది. ముసలి ఆబెల్ పెరట్లో కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు.

"మా ఆవిడక్కూడా గుర్రమనే చెప్పాను. చచ్చేదాకా నమ్మింది," అన్నాడు.

"క్షమించండి. మంచి జరుగుతుందనుకున్నాను."

"నాకేసింది ఏడేళ్ళ శిక్ష, అమ్మాయీ. అది ఎప్పుడో అయిపోయిందనుకున్నాను."

ఆ తర్వాత ఆయన గడప దాటలేదు. తిండి తగ్గించేశాడు. అక్కడ జూన్ అంటే చలికాలం; ఆ చలికి పోయాడు. శవపేటిక మొయ్యడానికి నలుగురు దొరక్క, పక్క ఊరి నుంచి కూలికి పిలిపించారు. పుస్తకంలో ఉన్నదే చెప్పమని బడుల ఇన్‌స్పెక్టరు ఆగ్నెస్‌కి ఉత్తరం రాశాడు. ఆమె ఎదురు చెప్పలేదు.

మేబెల్‌ని బడి మాన్పించేశారు. ఒకరోజు ఆపిల్ షెడ్డులో కనబడింది. పళ్ళకు కాగితం చుట్టి పెట్టెలో పేరుస్తోంది.

"మేబెల్, బాగున్నావా?" అంది ఆగ్నెస్.

ఆ పిల్ల తలెత్తలేదు. ఇంకో పండు తీసుకుంది.