సాలవ్వ కొలతకు కుట్టిన పడవ

2022 జూన్ 18, శనివారం నాడు సాలవ్వకు అన్యాయం జరిగింది. చేసినవాళ్లు పదకొండు మంది, అందరూ మీసాలున్నవాళ్లే. నాగిరెడ్డిపేట దిక్కున్న ఆ ఊళ్లో చేపల సంఘం పుస్తకంలోంచి చనిపోయిన ఆమె మొగడు పోచన్న పేరు కొట్టేశారు. ఆ చోట పెండ్లాం పేరు ఎక్కాలి. పోచన్న తమ్ముడు దేవన్న పేరు ఎక్కించారు. ఆడదానికి పడవ లేదు, పడవ లేనోళ్లకు చెరువు లేదు అన్నారు. సరే, పడవ అమ్మమంటే ఒక్కడూ అమ్మలేదు. ఇరవై రెండేండ్లు ఆ చెరువు చేపలను ఎల్లారెడ్డి అంగడికి మోసింది సాలవ్వ నెత్తే. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

అప్పటినుంచి ఆమెకు దిక్కు కుట్టుమిషనే. పొద్దున వాకిలి ఊడ్చి, అత్త ఎంకవ్వకు చాయ్ పోసి, మిషను ముందు కూర్చుంటుంది. పనికి వంక పెట్టడానికి లేదు. సాలవ్వ ఎవరి కొలత తీసి కుడితే ఆ బట్ట వాళ్లకే పడుతుంది, వాళ్లతోపాటే పెరుగుతుంది. ఐదేండ్ల పిల్లకు కుట్టిన లంగా పదిహేనేండ్లకూ మడమల దాకా ఉంటుంది. అక్క రైక చెల్లె తొడుక్కుందా, చంకల కాడ పట్టేసుకుంటుంది. ఊళ్లో దీన్ని ఎవరూ వింత అనుకోరు. గిరాకీకి మాత్రం అదే శని.

"పెండ్లినాటి రైకనే ఇంకా పడుతున్నదాయె సాలవ్వా, కొత్తది ఏం సాకు చెప్పి కుట్టించుకోవాలె?" అని పక్కింటి భూదేవి వచ్చి దెప్పేది.

"పాతదాన్ని పొయ్యిల పెట్టు, కొత్తది కుడుత" అనేది సాలవ్వ.

మొన్న ఎండాకాలం కామారెడ్డిలో జిరాక్సు దుకాణంలో పనిచేసే అక్క బిడ్డ సుధారాణి ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, ఇంటికాన్నే కట్టుకునే చెక్క పడవ ఉన్నదట. పలకలు కోసి, తెడ్లతోని సహా పంపుతరట. రాగితీగతోని కుట్టి, మీదికెళ్లి జిగురు పెట్టుడే."

"కుట్టుడా?"

"అవ్, కుట్టుడే."

"మరి గదేమన్న నాకు రాని విద్యనా!"

రెండు మేకలు అమ్మింది. ఎల్లారెడ్డి నుంచి ట్రాలీ ఆటోలో తలుపంత అట్టపెట్టె వచ్చింది. విప్పితే సన్నటి పలకలు, అంచుల పొంటి సూది బెజ్జాల్లాంటి రంధ్రాలు, తీగచుట్ట, జిగురు డబ్బాలు. ఇంగ్లీషు కాగితాన్ని సుధారాణి ఫోన్లో చదివి చెబుతుంటే సాలవ్వ పలకల మీద సుద్దతో గుర్తులు పెట్టుకుంది. కానీ తీగ ముట్టలేదు. కొలత లేకుండా కుట్టు మొదలుపెట్టే అలవాటు ఆమెకు లేదు.

"పడవకు కొలత ఏందే?" అంది ఎంకవ్వ.

"తోలేది నేను. నాదే."

"ఊరందరిని కొలిచినవ్. నిన్నెవరు కొలిచిండ్రే?"

సాలవ్వ మెడలోంచి టేపు తీసింది. తన రైకలు తాను కంటి అంచనాతోనే కుట్టుకుంది, అన్నీ ఎక్కడో ఒకచోట గుచ్చుకునేవి. ఎంత పనిమంతురాలైనా తన వీపు తాను కొలుచుకోలేదు కదా.

ఎంకవ్వ లేచి వచ్చింది. టేపు మీది అంకెలు ఆమె కండ్లకు ఆనవు. జానలతో కొలిచింది. బుజం నుంచి బుజానికి, బుజం నుంచి మణికట్టుకు, నడుము నుంచి మడమకు.

"కుడి బుజం దిగిందే పిల్లా."

"గంప మోసిన కదత్తా."

పుస్తకంలో పేరు మార్చిన ఆ శనివారం నాడు ఎంకవ్వ నోరు విప్పలేదు. దేవన్న కూడా ఆమె కడుపున పుట్టినవాడే. ఇప్పుడు ఆమె చెయ్యి ఆ దిగిన బుజం మీద కొంచెంసేపు ఆగింది. "ఊఁ, రాసుకో. జానెన్నర" అంది.

ఎనిమిది రోజులు కుట్టింది సాలవ్వ. తొమ్మిదో నాడు సుధారాణి ఫోన్లో చూసి నెత్తి కొట్టుకుంది. తీగ ముడులన్నీ పడవ లోపలికి ఉన్నాయి. అవి బయటికుండాలి, లోపల జిగురు పట్టాలి. దర్జీ చేతికి అదెట్లా తెలుస్తుంది? ముడి లోపల దాచడమే కదా దాని మర్యాద.

"ఇప్పుడు దీన్ని గూడ రైకలెక్క తిరగేస్తవా?" అని ఎంకవ్వ పండ్లు లేని నోటితో పడీపడీ నవ్వింది. సాలవ్వకూ నవ్వు ఆగలేదు. నవ్వుకుంటూనే ప్రతి ముడీ విప్పి, మళ్లీ కుట్టింది. జిగురు ఆరాక వాకిట్లోనే రంగు వేసింది.

నవంబరులో సంఘం కొత్త సభ్యులకు పరీక్ష పెట్టడానికి కామారెడ్డి నుంచి పద్మలత అనే చేపల శాఖ అధికారి వచ్చింది. చెరువు నడుమ ఉన్న బండ దాకా సొంత పడవలో పోయి, వల విసిరి, తిరిగి రావాలి. పడవ నీళ్లలో పెట్టగానే దేవన్న తెడ్డు పట్టుకున్నాడు.

"వదినెకు సొంత పడవ ఏడిది మేడం? మా ఇంట్ల తయారైంది. ఇంటి పడవ ఇంటి మొగోనిదే" అంటూ ఎక్కి కూర్చున్నాడు.

పడవ రెండు పక్కలూ దగ్గరికి ముడుచుకున్నాయి. దేవన్న మోకాళ్లు గడ్డానికి ఆనాయి, మోచేతులు పక్కటెముకలకు అతుక్కున్నాయి. తెడ్డు తిప్పడం అటుంచి, ముక్కు మీది ఈగను తోలుకునే జాగా కూడా లేదు.

"జర వదులు చెయ్యరాదు వదినె" అన్నాడు, కోపం లేకుండానే. బిగుతు రైకకు ఎవరైనా అనే మాటే అది.

"నీ కొలత తీయలే మరిదీ. దిగు."

భూదేవి చెయ్యందిస్తే దిగాడు. సాలవ్వ ఎక్కింది. పడవ ఒళ్లు విరుచుకున్నట్టు వెడల్పయి ఆమెకు సరిపోయింది. దిగిన కుడి బుజానికి ఆ పక్క తెడ్డు కొంచెం కిందికే అందింది. బండ దాకా పోయింది, వల విసిరింది, రెండు బొచ్చె చేపలతో తిరిగి వచ్చింది. కట్ట మీద పదకొండు మంది మీసాలు దువ్వుకుంటూ నీళ్లకేసి చూశారు.

పద్మలత సంఘం పుస్తకం తెరిచి పాత పేజీ చూసింది. "అమ్మా, ఆనాడు జరిగింది తప్పే. దేవన్న పేరు కొట్టేసి మీ ఆయన నంబరు మీకు రాయొచ్చు. ఆయన ఇరవై రెండేండ్ల సభ్యత్వం వరుస మీకే వస్తుంది, వాటా పంచేటప్పుడు ముందుంటారు. లేదా ఈ పరీక్ష మీద కొత్తగా చేరొచ్చు. అప్పుడు అందరికంటే చివర."

దేవన్న తల ఎత్తలేదు. ఎంకవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కోడలినే చూస్తోంది.

సాలవ్వ చీరకుచ్చెళ్ల నీళ్లు పిండుకుంది.

"అది మా మొగని కొలత మేడం, నాకు పట్టది. దేవన్ననే తొడుక్కోనియ్యి, ఎంత వదులున్నా సరే. నాది కొత్తగ రాయి."

పద్మలత రాసింది. సభ్యత్వం నంబరు 64. పేరు: సాలవ్వ. చేరిన తేదీ: 11 నవంబర్ 2025.