రెండు మొక్కుల పొట్టేలు

పొట్టేలు చెవికి గాటు పెడదామని కత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్లింది ఇస్తీర్. తీరా చూస్తే ఆ చెవికి అప్పటికే గాటు ఉంది.

నైలు పడమటి గట్టు మీది ఆ ఊళ్లో పరిశుద్ధులకు మొక్కుకున్న జంతువును అలాగే గుర్తుపెడతారు. కోరిక నెరవేరేదాకా ఆగరు. నోటితో ఒక మాట అన్నాక అది ఇక ఇంటిది కాదు. అమ్మకూడదు, మరో పండక్కి కోయకూడదు. చలికాలంలో మిన్యా ఆసుపత్రిలో కడుపులో రాళ్లు తీయించుకోవడానికి బల్ల ఎక్కే ముందు, ఇస్తీర్ ఈ పొట్టేలును కన్య మరియమ్మకు మొక్కుకుంది. ఇంటికొచ్చాక చాలాకాలం మంచం దిగలేదు. అందుకే గాటు ఆలస్యమైంది.

"ఏమయ్యా, దీని చెవికేమైంది?"

గడ్డి విదిలిస్తున్న మొగుడు బుక్తోర్ తలెత్తలేదు. "కంచెకి గీరుకుంది."

"కంచె బూడిద కూడా అద్దిందా?"

"దానికి కాస్త దయ ఎక్కువ" అని గడ్డిమోపు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఆమె కత్తిని పైటకొంగులో చుట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మొక్కడం బుక్తోర్ ఎరిగిన పని కాదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అతని నోట ప్రార్థన విన్నది లేదు. ఆదివారం గుడికి వస్తాడు, వెనక స్తంభానికి ఆనుకుంటాడు, పాదిరీ అబూనా ధూపం పట్టుకుని దగ్గరకొస్తే తల వంచుతాడు. పెదవులు మాత్రం కదలవు. సాయంత్రం ఆమె తూర్పు గోడకు ఎదురుగా నిలబడి కంఠతా వచ్చిన కీర్తనలు మొదలుపెట్టగానే అతనికి గేదె గుర్తొస్తుంది.

"నువ్వూ వచ్చి నిలబడొచ్చుగా" అనేది ఆమె.

"ఇంటికొకరు చాలరా? ఇద్దరం కలిసి మొదలుపెడితే ఆయనకి ఎవరి మాట వినాలో తెలీదు."

ఆమె నవ్వేసేది. నవ్వాక మాత్రం గుండెలో ఒక భయం మిగిలిపోయేది. తను పోతే ఈ మనిషికి దేవుడితో పలకరింపు కూడా ఉండదు. ఇన్నేళ్లుగా ఇద్దరి తరఫునా తనే మాట్లాడుతూ వచ్చింది. రేపు ఎవరు మాట్లాడతారు? అందుకే బల్ల ఎక్కే ముందు ఆమె తన ప్రాణం అడగలేదు. 'అమ్మా, నేను బతకడం నీ ఇష్టం. ఈ మనిషి ఒక్కసారి తన నోటితో నీ కొడుకుని ఏదైనా అడిగేలా చెయ్యి. మా పొట్టేలు నీది' అంది.

గుర్రమెక్కిన పరిశుద్ధుడు మార్ గిర్గిస్ పండగ ముందురోజు ఆమె రొట్టెల ముద్దలను పొంగడానికి మట్టిపళ్లాల మీద ఎండలో పెట్టి, నీడ పడినప్పుడల్లా జరుపుతూ ఉంది. బుక్తోర్ పొట్టేలును కాలువలో కడిగి, కొత్త తాడు కట్టి, వాకిట్లోకి తెచ్చాడు.

"దీన్నెక్కడికి?"

"గుడికి. గిర్గిస్‌ది ఇది."

"కాదయ్యా. మరియమ్మది. నేను మొక్కుకున్నా."

అతను తాడు వదిలేశాడు. "ఎప్పుడు?"

"ఆసుపత్రిలో. మరి నువ్వు?"

"ఆసుపత్రిలోనే." బుక్తోర్ తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "నిన్ను లోపలికి తోసుకెళ్లి తలుపేశారు. బయట నేనొక్కణ్ణే. నర్సు వచ్చి ఎవరికైనా ఫోన్ చేసుకో తాతా అంది. ఎవరికి చేయను? నువ్వు లోపలున్నావు."

"అయితే?"

"అయితే ఏముంది. ఆయనతోనే మాట్లాడా. గుర్రం మీద తిరిగేవాడివి, నువ్వే తొందరగా చేరతావు, వెళ్లి పైన చెప్పు, ఇది లేకపోతే నాకు రొట్టె చేసేవాళ్లు లేరని చెప్పు అన్నా."

"రొట్టె కోసమా?"

"వేరేది చెప్పడం నాకు రాదే."

ఇస్తీర్ ముద్దలు జరపడం మానేసింది. నీడ వాటి మీదికి వచ్చేసింది. తన మొక్కు ఆ తలుపుకు ఇవతల నెరవేరుతున్నప్పుడు తను అవతల మత్తులో ఉంది. తాను ఏం అడిగిందో ఆమె అతనికి చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఇద్దరూ పొట్టేలును తోలుకుని అబూనా లూకా ఇంటికి వెళ్లారు. విన్నంతసేపూ ఆ కుర్ర అబూనా గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు, చివరికి ఆగలేక నవ్వేశాడు.

"బుక్తోర్ బాబాయ్, ముందు ఎవరు మొక్కుకున్నారు?"

"అది పైవాళ్లకే తెలియాలి అబూనా."

"సగం సగం చేయండి మరి."

"నేను మొత్తం ఇస్తానన్నా" అంది ఇస్తీర్. "తొడ ఒకరికి, తల ఒకరికి అని ఎలా చెప్పను?"

"ఎవరి పేరున వండినా తినేది ఆ పేదవాళ్లేనమ్మా. ఆయన పండగ రేపే కదా, కానివ్వండి. మాటిచ్చింది నువ్వు, ఆవిడకి నువ్వే వెళ్లి చెప్పుకో. అడ్డం రావడానికి నేనెవర్ని?"

పొట్టేలు మార్ గిర్గిస్ పేరున ఉడికింది. గిన్నెలు రెండు వీధుల్లోని అన్ని ఇళ్లకూ, మసీదు పక్కన ఉన్న ఇళ్లకూ వెళ్లాయి. అందరూ బాగుందన్నారు. ఇస్తీర్ మాత్రం ముక్క ముట్టలేదు. అడిగింది అందుకుని, ఇస్తానన్నది వేరేవాళ్లకు పెట్టింది. అమ్మ ముఖం ఎలా చూడాలి?

పక్షుల కొండ మీద మరియమ్మ తిరునాళ్లు రాగానే, ఇద్దరూ సమాలూత్ రేవులో పడవెక్కి నది దాటారు. ఆమె నెత్తి మీద గంపెడు ఎండరొట్టెలు ఉన్నాయి.

"ఆవిడకి రొట్టెలతో సరిపెడతావా?" అన్నాడు బుక్తోర్, మెట్లెక్కుతూ.

"నువ్వు నోర్ముయ్యి. అసలు నీ వల్లే ఇదంతా."

రొట్టెలు యాత్రికులకు పంచేసి, గుడి లోపల జనంలోంచి తోసుకుంటూ మరియమ్మ పటం ముందుకు చేరింది. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. కళ్లు మూసుకుంది.

"అమ్మా," అంది, "పొట్టేలు..."

పక్కన ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, తప్పు దీనిది కాదు" అన్నాడు బుక్తోర్, పొలంలో అవతలి గట్టు మీది మనిషితో మాట్లాడినట్టు గట్టిగా. "దీని మొక్కు సంగతి తెలియక నేనే గిర్గిస్‌కి ఇచ్చేశా. కొట్టంలో గొర్రె చూలుతో ఉంది. ఏది పుడితే అది నీకు. దీన్ని మాత్రం ఏమీ అనకు. అసలే దీనికి భయమెక్కువ."

చుట్టుపక్కల ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఇస్తీర్ కళ్లు తెరవలేదు. తెరిచి చూస్తే సిగ్గుపడి ఆపేస్తాడని ఆమెకు తెలుసు. మూసిన కళ్లతోనే కాస్త పక్కకు జరిగి, పటానికి ఎదురుగా అతనికి చోటిచ్చింది.

"ఇంకో మాటమ్మా" అన్నాడు బుక్తోర్.