డ్రైవరుతో మాట్లాడరాదు

మా ఆయన ఐలెర్ట్ ముప్పై ఒక్క ఏళ్లు ఓడలకు దారి చూపే పైలట్‌గా పనిచేశాడు. బయటి దేశాల ఓడలు మా తీరానికి రాగానే తాడు నిచ్చెన ఎక్కి, కెప్టెన్ పక్కన నిలబడి, "ఐదు డిగ్రీలు ఎడమకి... ఇంకో రెండు... ఆఁ, అలాగే ఉంచు" అనడం అతని పని. స్టీరింగ్ మీద చెయ్యి వేసింది లేదు. ఉత్త చెప్పడమే. రిటైరయ్యాక జీతం ఆగింది, టోపీ మేకుకెక్కింది, చెప్పడం మాత్రం ఆగలేదు.

నేను ఇరవై ఆరేళ్లు బస్సు నడిపాను. నా నెత్తిమీద "డ్రైవరుతో మాట్లాడరాదు" అని బోర్డు ఉండేది. లోకంలో అంతకన్నా మంచి మాట ఎవరూ రాయలేదని నా అభిప్రాయం.

పోయిన చలికాలంలో మా మాలెన్ పిన్ని పోతూ పోతూ తన చెక్కపడవను నా పేర రాసింది. జులైలో దాన్ని తీసుకుని బ్రన్నోయ్‌సుండ్ రేవు నుంచి వేగా దీవి దాకా, దారిలో దీవి దీవికీ ఆగుతూ, వారం రోజులు తిరుగుదామని బయల్దేరాం. స్టీరింగ్ నాదని రేవులోనే చెప్పాను. ఐలెర్ట్ బుద్ధిగా తల ఊపాడు.

రేవు దాటి గంట కాలేదు. టోర్గాటెన్ కొండకు ఈ పక్కనుంచి ఆ పక్కకు ఉన్న పెద్ద కంతలోంచి ఆకాశం తళతళా మెరుస్తోంది.

"అబ్బ, చూడవయ్యా ఎంత బాగుందో!" అన్నాను.

"చూడ్డం తర్వాత. మూడు డిగ్రీలు తప్పావు."

"ఎక్కడ తప్పాను? చుట్టూ నీళ్లేగా?"

"కింద ఏముందో నీళ్లు చెప్పవు, బోర్గిల్."

నీళ్లు చెప్పకపోతేనేం, నువ్వున్నావుగా అనుకున్నాను. రెండో రోజు లంగరు వేసిన తీరు బాగాలేదన్నాడు. తాడు చుట్టిన తీరు బాగాలేదన్నాడు. పొయ్యి మీది కెటిల్ మూతి గాలికి ఎదురుగా ఉందన్నాడు. కెటిల్ మూతి! ఉత్తరాన ఏడు కొండలు వరసగా మంచు టోపీలు పెట్టుకుని నిలబడితే, మా ఆయనకు కనబడింది కెటిల్ మూతి.

మూడో రోజు మధ్యాహ్నానికి నా ఓపిక అడుగంటింది. చెట్టూ చేమా లేని చిన్న దీవి ఒకటి కనబడితే పడవను దాని బండకు ఆనించాను.

"కాస్త దిగి తాడు కట్టు. ఫ్లాస్కు కూడా పట్టుకెళ్లు, ఒడ్డున కాఫీ తాగుదాం."

దిగాడు. కాలు బండ మీద పడిందో లేదో, చేతిలో ఉన్న తాడంతా అతని మీదికి విసిరేసి రివర్సు గేరు వేశాను.

"ఏయ్! ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు! అరగంట నా చెవులకు సెలవు!"

దీవి మీద తోక చీలిన తెల్లపిట్టలు గూళ్లు పెట్టుకున్నాయని నాకు తెలియదు, ఒట్టు. వెనక్కి తిరిగి చూస్తే అవి అతని నడినెత్తిన పొడుస్తున్నాయి, అతను ఫ్లాస్కు నెత్తిమీద ఎత్తి పట్టుకుని గెంతుతున్నాడు.

ఆ అరగంట కాస్తా గంటన్నర అయింది. ఏం చెయ్యను, అంత హాయిగా ఉంది. ఇంజను టకటక తప్ప మాట లేదు, మంచి లేదు. తిరిగి వస్తూ, రెండు దీవుల మధ్య సందులోంచి పోతే దగ్గరని అటు తిప్పాను. అవతలి ఒడ్డున ఐలెర్ట్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరుస్తున్నాడు.

"నీళ్లు దిగుతున్నాయే! అటు రాకు! చుట్టూ తిరిగి రా!"

స్పష్టంగానే వినబడింది. "ఏంటీ? వినబడ్డం లేదు!" అని కేకేసి, ముందుకే పోనిచ్చాను. వంద గజాలు కూడా పోలేదు. అడుగున బరబరమని చప్పుడైంది, పడవ ఒక పక్కకు ఒరిగింది, ఆగిపోయింది. ఆటు వేళ రాసి ఉన్న కాగితం పొద్దున నేనే చదివాను. నేనే.

అతను అరుస్తూనే ఉన్నాడు. వెనక్కి నడుపు, బరువు ముందుకి జరుపు, ఇంజను ఆపు... గంటసేపు. నేను రొయ్యలూ రొట్టే తిన్నాను. ఆ కోపంలో రుచి కూడా తెలియలేదు.

నీళ్లు మోకాలి లోతుకి దిగాక ప్యాంటు నెత్తిన పెట్టుకుని, కింద చారల డ్రాయరుతో నడుచుకుంటూ వచ్చాడు. ఇక మొదలుపెడతాడని పళ్లు బిగించుకున్నాను. నోరు తెరిచాడు. పాత తలుపు కిర్రుమన్నట్టు ఒక శబ్దం వచ్చింది. అంతే. అరిచి అరిచి గొంతు పోయింది.

నాకు నవ్వొచ్చింది. అతని బట్టతల మీద పిట్టలు పొడిచిన గాట్లు చూశాక నవ్వడం మానేశాను. మందు రాశాను.

పడవ లేచేదాకా ఇంకా మూడు గంటలుంది. అడుగుకు గుల్లలూ నాచూ దట్టంగా పట్టి ఉన్నాయి. ఐలెర్ట్ ఏమీ అనకుండా, అంటే అనలేక, గీకుడు రేకొకటి తీసుకుని గీకడం మొదలుపెట్టాడు. రెండోది నేను తీసుకున్నాను. ముప్పై ఏళ్లు నోటితోనే పనిచేసిన మనిషి, అరగంటకే అరచేతులు బొబ్బలెక్కాయి.

"అలా కాదయ్యా, కిందనుంచి పైకి గీకు," అన్నాను. "అబ్బా, అంత గట్టిగా కాదు. చెక్క పోతుంది."

అతను గీకడం ఆపి నా వంక చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

ఇంతలో రేడియో పలికింది. దూరంగా పోతున్న చేపల పడవ, మా ఊరివాళ్లదే. "ఏవమ్మా, సాయం కావాలా? రాళ్ల మీదికి ఎక్కేసినట్టున్నారు?"

"అక్కర్లేదు! అడుగు గీకుదామని మేమే ఎక్కించాం!"

అవతల ముగ్గురు నవ్విన చప్పుడు వినబడింది. "పైలట్‌గారు క్షేమమేనా?"

"బ్రహ్మాండంగా ఉన్నాడు. నోట మాట లేదు!"

ఐలెర్ట్ గుల్ల ఒకటి నా మీదికి విసిరాడు.

సాయంత్రం ఆరింటికి పోటు వచ్చి పడవ తేలింది. ఎండ సూటిగా నా కళ్లలో కొడుతోంది, ఎదర రాళ్లు కనబడడం లేదు. అతను ముందుకెళ్లి నిలబడి చేత్తో చూపించాడు: ఎడమ, కుడి, నిదానం. అలాగే తిప్పాను. ఎక్కడా గీసుకోకుండా బయటపడ్డాం. చెప్పొద్దూ, పనికొచ్చాడు.

"ఇలా చెయ్యి చూపిస్తే చాలు, ఐలెర్ట్! నోటితో పనేముంది?" అన్నాను సంతోషంగా.

అతను వెనక్కి తిరిగి, వేలితో పడవ పక్కకు చూపించాడు. రేవులో రాపిడి తగలకుండా వేలాడదీసే రబ్బరు బుడగను పైకి లాగడం మరిచిపోయాను. మళ్లీ చూపించాడు. కనుబొమలు కూడా ఎగరేశాడు.

లాగలేదు. వేగా చేరేదాకా అది నీళ్లలో టపటపా కొట్టుకుంటూనే వచ్చింది.