దిమ్మెల మీది తడి

నరసింహప్ప భార్య యశోదమ్మ చనిపోయిన ఏడాది నుంచి, ఆదివారం సాయంత్రమయితే చాలు, ఎర్రన్న రేడియో చంకన పెట్టుకుని అతని ఇంటికి వచ్చేవాడు. పెళ్లాం పోయిన మనిషి గోడలు చూస్తూ కూచోకూడదని అతని తాపత్రయం. ఆ మాట మాత్రం ఎన్నడూ అనలేదు. "మా ఇంట్లో ఇది సరిగ్గా పలకదన్నా" అనేవాడు.

వారం వారం వచ్చే ఒక నాటకంలో స్టేషన్ మాస్టర్ గోవర్ధనం అంటే ఇద్దరికీ ప్రాణం. రైలు ప్రమాదంలో తప్పు సొంత అల్లుడిదని తెలిసినా, పైవాళ్లు బెదిరించినా, కూతురు కాళ్లు పట్టుకున్నా, ఉన్నది ఉన్నట్టే చెప్పిన మనిషి. "మొగోడంటే వాడు. మనమూ ఉండాము దేనికి?" అని తొడ చరుచుకునేవాడు ఎర్రన్న.

ఆ కరువేడు బుక్కరాయసముద్రం అవతల ఒక కుంట తవ్వే పని పెట్టారు. ఎర్రన్న మేస్త్రీ. బీఏ చదివిన నరసింహప్ప కొలతల గుమాస్తా. ఎంత లోతు తవ్విందీ తెలియడానికి ప్రతి గుంత నడుమా ఒక మట్టిదిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. దాని తల పాతనేల మట్టం. అక్కడి నుంచి కిందికి టేపు వదిలి కొలుస్తారు.

ఒక ఉదయం దిమ్మె మీద చెయ్యి వేస్తే నరసింహప్పకు చల్లగా తగిలింది. తాగే నీళ్లే బండ్ల మీద వస్తుంటే ఇక్కడ ఈ తడి ఏమిటి? వేలితో గీకాడు. గడ్డిపెళ్ల ఊడి చేతికి వచ్చింది. మూరెడు మట్టి పోసి, తడిపి, పైన గడ్డి అతికించారు. దిమ్మె ఎత్తు పెరిగితే గుంత లోతు ఎక్కువ చూపుతుంది. తవ్వని లోతుకు బిల్లు.

"ఏమప్పా ఎర్రన్నా, ఇది?"

"ఓవర్సీరు చెయ్యమన్యాడు, చేసినా. నువ్వు సూడనట్టు పో."

"గోవర్ధనమయితే పోతాడా?"

ఎర్రన్న నవ్వాడు. "ఆయప్పకు రేడియో వాళ్లు కూడు పెడతాండారు. మనకెవరు పెడతారన్నా?"

నరసింహప్ప కొలతల కింద సంతకం పెట్టలేదు. మధ్యాహ్నానికి ఓవర్సీరు జీపులో దిగాడు. కూలీలందరూ చూస్తుండగానే, "పెడితే ఇక్కడితో సరి. లేదంటే దిమ్మెలు పెంచింది నువ్వేనని పైకి రాస్తా. ఉద్యోగం పోతుంది" అన్నాడు.

నరసింహప్ప ఎర్రన్న వైపు తిరిగాడు. దిగులేమీ లేకుండానే తిరిగాడు. సాక్షి పక్కనే ఉన్నాడు కదా.

ఎర్రన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గొంతు సవరించుకుని, అచ్చం గోవర్ధనం మాదిరే, ఒక్కో మాటా తూచినట్టు నిదానంగా అన్నాడు: "స్నేహితుడైనా సరే, ఉన్నది చెప్పాల సార్. నరసింహప్పే పోయించినాడు."

ఆ గొంతు అంత బాగా కుదురుతుందని నరసింహప్ప ఎప్పుడూ అనుకోలేదు.

ఓవర్సీరు పెన్ను ముందుకు చాచాడు. నరసింహప్ప దానికి మూత పెట్టి తిరిగి ఇచ్చాడు. "పెట్టను సార్" అన్నాడు. గొడుగు తీసుకుని రోడ్డు దారి పట్టాడు.

గట్టు దిగేసరికి కూలి మనిషి ఓబమ్మ చెంబుతో వెనకాలే వచ్చింది. "రోంత తాగి పో సారూ. ఎండ మండుతాండాది."

ఆమె వాటా నీళ్లవి. అతను రెండు గుక్కలే తాగాడు.

"మట్టి ఎవురు పోసిరో మేమంతా సూసినాము సారూ. నోరు రాలేదు. రేపు మళ్లీ ఆ మేస్త్రీ కిందనే గదా మాకు పని."

"తెలుసులేమ్మా."

"ఆయప్ప నీకు తోడబుట్టినోడి లెక్క అనుకుంటిమి."

"నేనూ అట్లే అనుకుంటినమ్మా" అని చెంబు ఆమె చేతికిచ్చాడు.