అత్తగారి కుడిపక్క

"అమ్మ బొమ్మ ఒకటి గీసిపెట్టు. నీకెంత, రెండు గంటల పని," అన్నాడు భర్త, తిన్న పళ్ళెం ఆమె చేతిలో పెడుతూ.

అత్తగారికి వచ్చే నెల డెబ్బై నిండుతాయి. బంధువులు వస్తారు, ముందుగదిలో పెద్ద పటం పెట్టాలి. గీయమని ఆ ఇంట్లో ఒకరు అడగడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఆమె బొమ్మలకు ఉన్న పేరు గీకుళ్ళు. "ఆ గీకుళ్ళయ్యాక బట్టలు మడతపెట్టు," అనేవారు అత్తగారు, ఆమె గీసుకునే, కూతురు వాడి వదిలేసిన మూల పగిలిన ట్యాబ్ వంక చూసి. అందుకే పళ్ళెం కడుగుతున్నంతసేపూ ఆమెకు లోలోపల సంతోషంగానే ఉంది.

ఆమె ఉద్యోగం ఫోటో స్టూడియోలో, జనం ముఖాలు బాగుచేయడం. మొటిమలు తుడవాలి, రంగు కాస్త తేల్చాలి, గడ్డం కింద మడతలు మాయం చేయాలి. "చర్మం అద్దంలా ఉండాలమ్మా, ఈగ వాలితే జారిపడాలి," అంటాడు యజమాని. పదకొండేళ్ళుగా ఈగలు జారే ముఖాలు చేసీ చేసీ, అత్తగారినీ ఆమె అలాగే చేసింది. పాత ఫోటో ఒకటి ముందు పెట్టుకుని, పొద్దున అందరి డబ్బాలూ సర్దాక బస్సు వచ్చేలోగా పది నిమిషాలు, మధ్యాహ్నం నాలుగు ముద్దలు గబగబా మింగి మరో పావుగంట. రెండు గంటల పనికి పన్నెండు రోజులు పట్టింది.

మనుషుల ముఖాలు గీసేవాళ్ళ వాట్సాప్ గుంపు ఒకటి ఉంది ఆమెకు, ఫోన్‌లో. ఒకరినొకరు చూసుకున్నది లేదు. బొమ్మ పెడితే మొహమాటం లేకుండా ఉన్నమాట చెప్పాలన్నది అక్కడి కట్టుబాటు. పెట్టింది. దుకాణాల బోర్డులు రాసి రాసి మానుకున్న పెద్దాయన ముందుగా రాశాడు. అందరూ ఆయన్ను బోర్డు తాత అంటారు.

"అమ్మాయ్, బొమ్మ బాగుంది. మనిషే లేదు. వెలుగు ఎడమ నుంచీ వస్తోంది, కుడి నుంచీ వస్తోంది. పాపం ఆవిడకి నీడన్నదే లేకుండా చేశావ్. రంగు తీసేసి నలుపు తెలుపులో ఓసారి చూడు."

ఆ వెనకే, ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆవిడ: "రోజూ డెబ్బై ఏళ్ళ ముఖాలు తుడుస్తాను నేను. చెంప ఇలా ఉండదండీ. ఇంకోమాట, ఏమీ అనుకోకండి. ఈవిడ ఎవర్నీ చూడట్లేదు. ఇంతకీ మీరు ఆవిణ్ణి చూసి గీశారా?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ ఇద్దరికీ మనసులోనే చెడామడా జవాబులు చెప్పింది. చెప్పడం అయ్యాక చేతులు తుడుచుకుని రంగు తీసి చూసింది. పిండిముద్దకు కళ్ళు అతికించినట్టుంది. తాత మాట నిజమే. నర్సు మాటైతే ముల్లులా దిగి, ఎంతకీ ఊడిరాలేదు. పద్దెనిమిదేళ్ళుగా అత్తగారికి వేళకు మందులిచ్చింది, నీళ్ళు కాచింది, అన్న ప్రతి మాటకూ తల వంచింది. తల వంచిన మనిషికి ఎదుటివాళ్ళ పాదాలు తప్ప ఏం తెలుస్తాయి?

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు కిటికీ పక్కన బఠాణీలు ఒలుస్తుంటే, తనూ నాలుగు కాయలు ఒళ్ళో వేసుకుని ఎదురుగా కూర్చుంది. తలెత్తి చూసింది. కుడి కనుబొమ్మ మధ్యలో తెగి ఉంది. ఆ చీలిక కణత దాకా సన్నటి మచ్చయి సాగింది. ఇంట్లో ఏ ఫోటోలోనూ అది లేదు. అన్నింట్లోనూ ఆవిడ ఎడమపక్కే కనబడుతుంది.

"ఏంటలా చూస్తావ్?"

"ఆ మచ్చ ఎలా పడింది అత్తయ్యా?"

ఆవిడ చెయ్యి చటుక్కున కణత మీదికి వెళ్ళింది. గింజలు కొన్ని గిన్నెలో టపటపా రాలాయి.

"సైకిల్ మీంచి పడ్డా. మీ మామగారు బస్సెక్కి డ్యూటీకి వెళ్ళగానే ఆయన సైకిలే తీసేదాన్ని. మూడ్రోజులు వీధి చివరిదాకా వెళ్ళొచ్చా. నాలుగో రోజు మలుపు తిరిగానా, అబ్బ, గాలి ఎలా కొట్టిందనుకున్నావ్! ఆ గాల్లో బ్రేకు మర్చిపోయా." ఆవిడ నవ్వారు. పళ్ళు కనబడేలా, కళ్ళు సగం మూతపడేలా. "ఆయన సైకిల్ అమ్మేశారు. ఎవరు ఫోటో తీసినా, ఆ పక్క తిప్పకు, నీ నిర్వాకం పదిమందికీ తెలుస్తుంది అనేవారు. అలవాటైపోయింది."

ఆ నవ్వు చెదిరిపోకముందే ఆమె ట్యాబ్ తెచ్చుకుంది. పాత బొమ్మ పక్కనపెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. వెలుగు కిటికీ వైపు నుంచి మాత్రమే. నీడలో బూడిదరంగు వద్దు, కాస్త ఎరుపు కలుపు అన్నాడు తాత. కలిపితే చెంప కింద నెత్తురు పారింది. ముఖం చుట్టూ గీత గీసినట్టు ఉంచకు, జుట్టంచును వెలుగులో కలిసిపోనీ అన్నాడు. పోనిచ్చింది. నాలుగోసారి పెట్టినప్పుడు నర్సు ఒక్క ముక్కే రాసింది: "ఇప్పుడు నన్నే చూస్తోంది, ఏదో అల్లరిపని చేసొచ్చి."

తర్వాతి ఆదివారం అత్తాకోడళ్ళు కిటికీ దగ్గర బొమ్మ చూసుకుంటుంటే, భర్త వచ్చి మెడ చాచి చూశాడు.

"బానే ఉంది గానీ, ఆ మచ్చ తీసెయ్. నువ్వు రోజూ చేసేదేగా."

ఆమె నోరు తెరిచేలోగా అత్తగారు అన్నారు: "ఒరేయ్, అదెలా వచ్చిందో నీకు తెలుసా?"

"పుట్టుమచ్చేమో అనుకున్నా..."

నలభై ఆరేళ్ళ కొడుకు. ఆవిడ వాణ్ణి తేరిపార చూశారు. కోపంగా కాదు, ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టబోతున్నట్టు.

"తియ్యనండీ," అంది ఆమె. "ఈ బొమ్మలో అన్నిటికంటే కష్టపడి గీసింది అదే."

అతను తల్లి వంక చూశాడు. గోడ గడియారం చూసి, "మరి వంట?" అన్నాడు.

"పొయ్యి ఎక్కడుందో నీకూ తెలుసుగా. వెళ్ళు," అన్నారు అత్తగారు. తర్వాత కళ్ళజోడు సవరించుకుని, తెర మీదికి వంగారు. "అమ్మాయ్, అంతా బావుంది గానీ ఆ చెవి నాది కాదు. ఏనుగు చెవిలా ఉంది."

ఆమె చెవిని చెరిపేసింది. వంటింట్లో గిన్నె మూత ఒకటి కిందపడి గిర్రున తిరుగుతోంది. తిరగనీ అనుకుంది. అత్తగారు అటు తల తిప్పబోయారు.

"కదలకండి అత్తయ్యా."

పద్దెనిమిదేళ్ళలో ఆమె ఆ ఇంట్లో ఎవరికైనా ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది. అత్తగారు కదల్లేదు.