నాలుగు స్టాపులు

"అమ్మ సంతకం పెట్టదు. నేనే వద్దన్నాను."

బూట్ల తాడు బిగించుకుంటూ భర్త అన్న మాట ఇది. ఆమె ఆరిన బట్టల గుట్ట ముందు కూర్చుని అతని చొక్కాయే మడతపెడుతోంది. ఆరేళ్ల చదువు నీళ్లపాలైందని చెవిన పడ్డాక కూడా ఆమె చెయ్యి ఆగలేదు. కాలరు సరిచేసి, గుండీ పెట్టి, పక్కన పేర్చింది. ఏం చేతులో ఏమో!

సినిమా, టెలివిజన్ విభాగంలో ఆమెది పీహెచ్‌డీ. పుస్తకాలు చదివి ఇంకో పుస్తకం రాసే రకం కాదు. సినిమా తీయాలి, దాన్ని ఎలా తీసిందో ఎందుకలా తీసిందో రాయాలి. రెండూ కలిస్తేనే పట్టా. ఈ ముక్క అత్తింట్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. "సినిమా తీసి డాక్టరవుతుందట! ఏ రోగానికి మందిస్తుందో" అని ఆడపడుచు అంటే ఇల్లంతా పడీ పడీ నవ్వింది. ఇంటి చాకిరీ మీద సినిమా అన్నప్పుడు, "అందులో తీయడానికేముంది?" అన్నాడు భర్త, ఆమె వడ్డించింది తింటూనే. కాలేజీలో పాఠాలు చెప్పి, వండి వార్చి, కూతురి చేత హోంవర్కు చేయించి, మిగిలిన కాసింత వేళలో ఆ సినిమా తీసింది. కెమెరాని ఫ్రిజ్ మీద పప్పుడబ్బాకి ఆనించి, తను అంట్లు తోముకుంటూ తీసింది.

ఇస్త్రీ చేసే ఆవిడ, ఆసుపత్రి నర్సు, హాస్టల్లో వంటమనిషి... అందరి దగ్గరా ముందే సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకుంది. ఆ కాగితం లేకపోతే విశ్వవిద్యాలయం ఆ మనిషిని సినిమాలో ఉండనివ్వదు. అత్తగారి దగ్గర మాత్రం తీసుకోలేదు. ఇంట్లో మనిషే కదా, ఎప్పుడైనా పెడుతుందిలే అనుకుంది. చూస్తూ చూస్తూ సినిమా అంతా అత్తగారే అయిపోయింది. గంట సినిమాలో నలభై నిమిషాలు ఆవిడే.

కూరగాయలు తరుగుతూ, కెమెరా వైపు కన్నెత్తకుండా, ఆవిడ ఒకనాడు ఉన్నట్టుండి మొదలుపెట్టింది. "ఒకసారి నేను వెళ్లిపోయానమ్మాయ్. పిల్లాణ్ణి చంకనేసుకుని, రెండు చీరలు సంచిలో కుక్కుకుని బస్సెక్కాను. ఎక్కడికంటావా, నాకేం తెలుసు! నాలుగు స్టాపులు పోయాం. వీడు నిద్రలేచి నాన్నేడీ అని రాగం తీశాడు. దిగిపోయాను. ఇంటికొస్తే మీ మావయ్య పేపర్లోంచి తలెత్తకుండా, టీ ఇంకా కాలేదా అన్నారు. నేను వెళ్లానని ఎవరికీ తెలీనే తెలీదు."

ఆ మాటలన్నీ ఆమె కాగితాల మీదికి ఎక్కించి పెట్టుకుంది. నిన్న స్టవ్ కట్టెయ్యడానికి లేచి వెళ్లిన ఆ కాసేపట్లో భర్త వాటిని చదివేశాడు. "మా నాన్న పరువు నలుగురిలో తీస్తావా?" అని గంటసేపు ఎగిరాడు. తనని చంకనేసుకుని బస్సెక్కిన తల్లిని మాత్రం, ఎందుకెక్కావమ్మా అని ఒక్క మాట అడగలేదు.

అతను ఆఫీసుకి వెళ్లాక గైడుకి ఫోన్ చేసింది.

"ఊళ్లోవాళ్లందరి సంతకాలూ తెచ్చావు, ఇంట్లో సంతకం తేలేకపోయావా అమ్మా?" అన్నాడాయన. "గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచాం. సోమవారం దాటితే నేనేం చెయ్యలేను."

ఫోన్ పెట్టేసి, పత్రం ముందేసుకుని కూర్చుంది. అత్తగారి సంతకం ఆమెకి కంఠతా వచ్చు. వంకరటింకరగా నాలుగు అక్షరాలు, అంతే కదా. ఎవరు చూడొచ్చారు? పెన్ను మూత తీసింది.

"అమ్మాయ్, నన్ను నాకొకసారి చూపిస్తావా?"

గుమ్మంలో అత్తగారు. ఆమె గతుక్కుమని కాగితం మీద పుస్తకం పెట్టింది. కుర్చీ ఇచ్చి, సినిమా పెట్టింది.

"అయ్యో, నేనింత మాట్లాడతానా!" అని మొదట్లో అత్తగారు నవ్వింది. బస్సు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "మళ్లీ పెట్టు" అంది. పెట్టింది. "మళ్లీ" అంది. మూడోసారి చూస్తున్నప్పుడు ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది.

"సంతకం పెట్టండి అత్తయ్యా. ఆయనతో నేను మాట్లాడుకుంటాను. మీ కాళ్లు పట్టుకుంటాను, ఆరేళ్లండీ..." ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది.

"వాడు వద్దన్నాడని కాదే పిచ్చిదానా." అత్తగారు ఆమె తల మీద చెయ్యి వేసింది. "చెరిపెయ్. ఉంటే రోజూ వినాలనిపిస్తుంది. వింటూ ఈ ఇంట్లో ఎలా ఉండను? ఈ వయసులో ఏ బస్సెక్కను?"

పుస్తకం కింద కాగితం అలాగే ఉంది. నాలుగు అక్షరాలు గీకితే డాక్టరు. ఈవిడ వద్దన్నది లెక్కలోకి రాదు, ఇన్నేళ్లూ ఎవరి లెక్కలోకి వచ్చింది గనక! ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. కాగితం బయటికి లాగి నిలువునా చింపింది.

కంప్యూటర్లో అత్తగారి ఫైళ్లన్నీ ఆమె ఎంచి పెట్టింది. నకళ్లు దాచిన రెండో డిస్కు కూడా తగిలించింది. శాశ్వతంగా తీసెయ్యాలా అని తెర మీద ప్రశ్న వచ్చింది. ఆమె దాన్ని పైకి చదివి అత్తగారి వైపు చూసింది. ఆవిడ తెర వైపు ఒకసారి, కోడలి వైపు ఒకసారి చూసింది. తనని ఒక మాట అడిగి, జవాబు కోసం ఎదురుచూసే మనిషి ఆవిడకి కొత్త.

"ఊఁ" అంది చివరికి.

కోడలు నొక్కింది.