ఊకకి స్నానం

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కథలో తప్పు చేసిన పిల్లంటే నాకు ప్రాణం. కాబట్టి తూకం కాస్త ఆమె వైపే మొగ్గుతుంది. సర్దుకుపోండి.

ఊకని మండించి కరెంటు తీసే చిన్న ప్లాంటు అది. ఆ పిల్లని అక్కడ అందరూ మీటరమ్మ అంటారు. ఊక లారీ గేటు దగ్గర ఆగగానే తేమ చూసే మీటరు గుచ్చుతుంది. అంకె పద్నాలుగు దాటిందా, లారీ వెనక్కే. ఆ వారంలో మూడింటిని తిప్పి పంపింది. తడి ఊక మండదు, మండకపోతే ఆవిరి రాదు, ఆవిరి రాకపోతే కరెంటు లేదని డ్రైవర్లకి చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పేది కూడా తనే.

అంతటి మనిషి, పరీక్ష కోసం ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడనగానే, ఆయన చొక్కా మీద దుమ్ము పడకూడదని ముందురోజు సాయంత్రం పైపు పట్టి ఊక కుప్పంతా తడిపేసింది. మీటరు జేబులో హాయిగా నిద్రపోయింది.

పదింటికి పరీక్ష మొదలైంది. గంటసేపు కరెంటు చూపే ముల్లు అర మెగావాట్ దగ్గర నిలబడాలి. జారిందంటే మళ్ళీ పరీక్ష ఆరు నెలలకే. అప్పటిదాకా ప్లాంటుకి తాళం. మీటరమ్మతో, బాయిలర్ నడిపే ఆమె మేనమామతో సహా ఇరవై మందీ ఇంటిదారి పట్టాల్సిందే.

నలభై నిమిషాలు నల్లేరు మీద బండి నడకే. తొట్టిలో ఉన్న పొడి ఊక అయిపోయి కుప్పలోది రావడం మొదలయ్యేసరికి మంట మొహం మాడ్చుకుంది. ముల్లు వణికింది. మేనమామ గుప్పెడు ఊక తీసి, పిడికిలి బిగించి విప్పాడు. పొడిదైతే వేళ్ళ సందుల్లోంచి జారిపోవాలి. ఇది అరచేతిని వదల్లేదు.

"దీనికి స్నానం చేయించింది ఎవరే?"

"నేనే మామయ్యా. దుమ్ము రేగుతుందని..."

"సబ్బు కూడా రుద్దావా?"

ఆమె కళ్ళు కంట్రోల్ రూమ్ అద్దంలోంచి లోపలి సంచుల మీద పడ్డాయి. ప్లాంటుకి కుర్చీలు ఇంకా రాలేదు. నాలుగు నెలలుగా అందరూ వేరుశనగ పొట్టు కూరిన గోనె సంచుల మీదే కూర్చుంటున్నారు. అందరి బరువుతో నలిగి, గదిలో వేడికి ఎండి, అవి పెళపెళలాడుతున్నాయి.

ఇక చూడాలి ఆ పరుగు! ఫిట్టరు తన సంచి నడుముకి ఇప్పుడిప్పుడే అలవాటైందని గునిశాడు గానీ, తనే ముందు ఎత్తుకొచ్చాడు. అకౌంటెంటు గారు రెండు సంచులు చంకలో ఇరికించుకుని, కళ్ళజోడు జారిపోతుంటే ముక్కుతోనే ఆపుకుంటూ వచ్చారు. సంచిలోని పొట్టు పొయ్యిలో పడ్డప్పుడల్లా మంట ఒళ్ళు విరుచుకుని లేచింది, ముల్లు బుద్ధిగా నిలబడింది. నవ్వుతూనే ఉరికారు అందరూ.

నాలుగు నిమిషాలు మిగిలాయి. సంచులు అయిపోయాయి, ఒక్కటి తప్ప. పూల దుప్పటి కప్పిన ఆ సంచి మీద ఇన్‌స్పెక్టర్ కూర్చుని ఉన్నాడు.

"సార్, ఒక్కసారి లేస్తారా?"

"ఎందుకమ్మా?"

"మీరు కూర్చున్నది ఇంధనం సార్."

ఆయన ముల్లు వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు, చివరికి తన కిందకి చూసుకున్నాడు.

"నేను కూర్చునే చూడాలని రూల్సులో ఎక్కడా లేదులే," అంటూ లేచి, దుప్పటి తీసి మడిచి ఆమె చేతికిచ్చి, సంచికి ఒక కొస తనే పట్టాడు.

గంట నిండింది. ముల్లు జారలేదు. కాపాడాలనుకున్న ఆ తెల్ల చొక్కా మాత్రం మసి గుడ్డ అయిపోయింది. బల్ల మీద అంతా పొట్టే కావడంతో, వంగిన మేనమామ వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశాడాయన.

మర్నాడు గేటు దగ్గర మీటరమ్మ ఒక లారీలో మీటరు గుచ్చింది. పదిహేను. నోరు తెరిచేలోపే డ్రైవరు నింపాదిగా అడిగాడు: "మీ కుప్పది ఎంతుందమ్మా?"

మర్యాదకి పోయి మీరూ ఎప్పుడైనా ఇలా మీ మంట మీద మీరే నీళ్ళు పోసుకుని ఉంటే రాసి పంపండి. మీటరమ్మకి చదివి వినిపిస్తాను, కాస్త ఊరట పడుతుంది.